పాత కొట్టమును విప్పుట

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలు చెప్పుదురు. కట్టుటలోని కష్టమంతయు ఆ సామెతలో ఉన్నది. కాని కట్టినదానిని విప్పుటలో కూడ ఒక విద్య కలదని చాలమంది ఎరుగరు. కూల్చుట వేరు, విప్పుట వేరు. కూల్చినచో మిగులునది మన్నుదిబ్బ. విప్పినచో మిగులునది సామగ్రి. ఈ భేదమును పశువుల కొట్టము దృష్టాంతముగా తెలిసికొందము.

పూర్వము మన పల్లెలలో రైతు దొడ్డిలో కొట్టము ఉండి తీరవలసినదే. దుక్కిటెద్దులు, ఆవులు, గేదెలు అందులో తలదాచుకొనెడివి. ట్రాక్టరు వచ్చిన పిమ్మట ఎద్దుల అవసరము తగ్గెను. 2019వ సంవత్సరపు పశుగణనమున మన దేశమందలి ఆవులు, ఎద్దులు, దూడలు అన్నియు కలిసి సుమారు 19 కోట్ల 25 లక్షలు. అందు మగపశువులు ఇంచుమించు 4 కోట్ల 74 లక్షలు మాత్రమే. 2012 నాటి లెక్కతో పోల్చినచో మగపశువుల సంఖ్య సుమారు 30 శాతము తగ్గినది. ఎద్దులు లేని కొట్టములు పాడుపడుచున్నవి. చూరు వంగి, గోడ నెఱ్ఱెలు విచ్చి, నేడో రేపో పడునట్లున్న కొట్టము పిల్లలు తిరుగు దొడ్డిలో ఉండుట అపాయకరము. దానిని తీసివేయక తప్పదు.

ఈ పనికి మూలసూత్రము ఒక్కటే: కట్టునపుడు చివర ఎక్కినది, విప్పునపుడు మొదట దిగవలెను. కట్టునపుడు గోడలు, నిట్టాళ్ళు ముందు నిలిచినవి. వానిపై దూలములు, దూలములపై వాసములు, వాసములపై బద్దలు, బద్దలపై పెంకులు ఎక్కినవి. కావున ముందుగా పెంకులు దిగవలెను. అందును కొప్పు పెంకులు మొదట తీసి, పిదప రెండు వాలులను సమముగా దించుకొని రావలెను. ఒక వాలు ఖాళీచేసి రెండవ వాలు బరువుతో ఉంచినచో కప్పు ఒరగిపోవును. పని త్వరగా కావలెనని ముందు నిట్టాటికి త్రాడు కట్టి లాగువారు కలరు. అట్టివారి నెత్తిమీదికే దూలము వచ్చును. గోడలను కూడ పైవరుస నుండి క్రిందికి విప్పవలెనే గాని, మొదట త్రవ్వి పడద్రోయరాదు. వాన కురిసి మట్టిగోడ నానియున్న దినములలో ఈ పని తలపెట్టనే కూడదు.

కొన్ని కొట్టములకు పెంకులకు బదులు పాత సిమెంటు రేకులుండును. వానిలో రాతినార కలిసియుండును. రేకు పగిలినపుడు కంటికి కానరాని నార గాలిలో లేచి ఊపిరితిత్తులలో చేరి, ఏండ్లు గడచిన పిదప ప్రాణాంతకమైన వ్యాధులను కలిగించును. అట్టి రేకులను కోయరాదు, పగులగొట్టరాదు, వానిపై కాలు మోపరాదు. తెలిసిన పనివారిచేత తడిపించి, మరలు విప్పించి, నిండు రేకుగా దింపించవలెను. వానిని మరల వాడుకొనవలెనను ఆశ వలదు.

దింపిన సామగ్రిని పరీక్షించుట రెండవ పని. పెంకును వ్రేలి కణుపుతో తట్టినచో, బాగుగా కాలినది ఖంగుమనును. నెఱ్ఱె పడినది బొంగురుగా పలుకును. కొయ్యను సుత్తితో తట్టినచో చెద తిన్న చోటు డొల్లయని తెలియును. ఇక్కడ ఒక విశేషము కలదు. టేకు మ్రానునకు చేవ లోపల ఉండును; తాటి మ్రానునకు చేవ వెలుపల ఉండును. పై భాగము చెడిన టేకు దూలమును చెక్కించి చూచినచో లోపల మంచి కొయ్య దొరకవచ్చును. వెలుపల చెడిన తాటిదూలమున దాచుకొనదగినదేమియు మిగులదు. ఈ సంగతి ఎరుగని వాడు టేకును పొయ్యిలో పెట్టి తాటిని అటక ఎక్కించును.

ఇటుకల సంగతి వేరు. సున్నముతోనో మట్టితోనో కట్టిన ఇటుక, పొరను గీకినచో నిండుగా ఊడివచ్చును. గట్టి సిమెంటుతో కట్టినది ఊడుటకు ముందే పగులును. అయినను కొట్టపు గోడ అడుగున ఉన్న ఇటుకలను వాసగృహమునకు వాడరాదు. ఏలయన, పశువుల మూత్రము నేలలో ఇంకి, సూక్ష్మజీవుల వలన నత్రలవణములుగా మారి, ఇటుకలలోనికి ఎగబ్రాకును. గోడపై తెల్లని పూతవలె కనిపించు ఉప్పు అదియే. ఆ ఇటుక పొరలు పొరలుగా రాలిపోవును.

గోడను చెరచిన ఆ లవణమే పైరునకు బలము. ఇట్టి మట్టినుండియే పూర్వము సురేకారము తీసి తుపాకిమందు చేసెడివారు. 17, 18 శతాబ్దములలో ఐరోపా వర్తకులు బీహారునుండి సురేకారమును ఓడలకెత్తి కొనిపోయిరి. కొట్టపు నేలమట్టిని జానెడు లోతున త్రవ్వి పొలములో పలుచగా చల్లినచో అది మంచి ఎరువగును. మన రైతులు పాటిదిబ్బల మన్నును పొలములకు తోలుకొనుటయు ఈ సారము కొరకే. చివికిన తాటాకును పెంటకుప్పలో కలుపవచ్చును. రాతి కుడితితొట్టి పక్షులకు నీటితొట్టి కాగలదు. పగిలిన పెంకులు క్రొత్త అరుగు క్రింద నింపుటకు పనికివచ్చును.

ఈ పనిలో మేకు గ్రుచ్చుకొన్నచో ధనుర్వాతము వచ్చునని విందుము. దానికి కారణము త్రుప్పు కాదు. పశువుల ప్రేగులలోను, పేడ కలిసిన మట్టిలోను నివసించు ఒక సూక్ష్మజీవి కారణము. దానిని 1889లో కిటసాటో అను జపాను శాస్త్రజ్ఞుడు వేరుచేసి చూపెను. లోతైన గాయములో గాలి తగులని చోట అది వృద్ధియగును. కావున కాలికి గట్టి జోడు లేనిదే ఈ పనిలో దిగరాదు. గాయమైనచో సబ్బుతో కడిగి, ఆ దినముననే వైద్యుని వద్దకు పోవలెను. పెంకుల సందులలో తేళ్ళు, గోడ కలుగులలో పాములు ఉండుట కూడ మరువరాదు.

బాలలారా! కప్పు ఎక్కుట మీ పని కాదు; అది పెద్దల పని. కాని పెంకులను ఎండువానలకు చెడకుండ నిలువున పేర్చుట, చెద ఎక్కకుండ రాళ్ళపై కొయ్యలను అమర్చుట, దూలములపై సుద్దతో అంకెలు వేసి పుస్తకమున లెక్క వ్రాయుట మీరు చేయగలరు. ఒక పొక్లెయిను ఒక్క పూటలో కొట్టమును నేలమట్టము చేయును. కాని మీ తాతగారి కాలమున ఏ వడ్రంగియో చెక్కిన దూలము, ఏ కుమ్మరియో కాల్చిన పెంకు ఆ కుప్పలో కలిసిపోవును. నాలుగు దినములు ఓపిక పట్టినచో వారి శ్రమ మరియొక కప్పు క్రింద మరల నిలుచును. కట్టువానికి ఎంత బుద్ధి కావలెనో, విప్పువానికిని అంత బుద్ధి కావలెను.