అరకోటి కెమెరాకు ఆదోని లెక్క

2021లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘సినిమా బండి’లో ఆంధ్ర-కర్ణాటక సరిహద్దు పల్లెకు చెందిన ఒక ఆటోడ్రైవరుకు, ఎవరో బండిలో మరచిపోయిన ఖరీదైన కెమెరా దొరుకుతుంది. దాంతో ఊరివాళ్ళంతా కలిసి సినిమా మొదలుపెడతారు. దొరకబట్టి సరిపోయింది గానీ, ఆటో తోలిన డబ్బుతో అలాంటి కెమెరా కొనడమన్నది జరిగే పని కాదు. ఆదోని, ఎమ్మిగనూరుల్లో స్టూడియోలు నడిపేవారికీ, షార్ట్ ఫిల్ములు తీసే కుర్రాళ్ళకూ ఇదే చిక్కు. రెండు లక్షలకు వచ్చేదీ కెమెరానే, లెన్సులూ బ్యాటరీలూ కలిపితే అరకోటి దాటేదీ కెమెరానే. ఇంత తేడా ఎందుకని అడిగితే, కంపెనీలు దోచుకుంటున్నాయని చప్పున ఒక జవాబు వస్తుంది. అది సగం నిజం. మిగతా సగం తయారీలో ఉంది. అది తెలిస్తే మన ఊళ్ళలో ఏది కొనాలో, ఏది అద్దెకు తేవాలో కూడా తేలిపోతుంది.

ముందు కెమెరాలో బొమ్మను పట్టే చిప్పు, అంటే సెన్సర్ సంగతి చూద్దాం. చిప్పులను 300 మిల్లీమీటర్ల వ్యాసమున్న గుండ్రటి సిలికాన్ పలకల మీద చేస్తారు. ఫోన్లో పెట్టే చిన్న సెన్సర్లయితే ఒక్క పలకలో రెండువేలకు పైగా పడతాయి. 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు ఉండే ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్లయితే అరవైకి అటూ ఇటూ మాత్రమే. ఆ పలక మీద ఇరవై చోట్ల లోపం వచ్చిందనుకోండి. ఫోన్ చిప్పుల్లో పోయేది నూటికి ఒకటి, పెద్ద సెన్సర్లలో పోయేది మూడో వంతు. పైగా చిప్పు మీద గీతలు ముద్రించే యంత్రం ఒకసారికి 26 మిల్లీమీటర్ల వెడల్పు, 33 మిల్లీమీటర్ల పొడవు మేరకే ముద్రించగలదు. అంతకన్నా పెద్ద సెన్సర్‌ను ముక్కలుగా ముద్రించి, అతుకు కనబడకుండా కలపాలి. అయినా సరే, అరకోటి ధరకు ఈ చిప్పు ఒక్కటే కారణమంటే ఒప్పుకోలేం. రెండు మూడు లక్షల మిర్రర్‌లెస్ కెమెరాల్లోనూ ఇంత పెద్ద సెన్సరే ఉంటుంది.

అసలు ఖర్చు ఆ చిప్పు చుట్టూ చేసే పనిలో ఉంది. సినిమా లెన్సులు బిగించే పీఎల్ మౌంటు ఉన్న కెమెరాలో లెన్సు కూర్చునే అంచు నుంచి సెన్సర్ దాకా సరిగ్గా 52 మిల్లీమీటర్లు ఉండాలి. మిల్లీమీటరులో వందో వంతు అటూ ఇటూ అయినా వైడ్ లెన్సు మీద ఫోకస్ గుర్తులు తప్పిపోతాయి. అందుకే పలుచటి లోహపు రేకులు వేసి, కొలిచి, మళ్ళీ కొలిచి సరిచేస్తారు. ప్రతి సెన్సర్‌లోని ఎగుడుదిగుళ్ళను విడిగా కొలిచి, ఆ సవరణను ఆ కెమెరాలోనే నమోదు చేస్తారు. గంటల తరబడి వేడెక్కినా రంగు మారకూడదు, ఫ్యాను చప్పుడు మైకుకు వినబడకూడదు. ఇదంతా సాధించడానికి ఇంజినీర్లు ఏళ్ళ తరబడి పనిచేస్తారు. వాళ్ళ జీతాలు ఫోన్ల మాదిరి కోట్ల పీసుల మీద పంచుకోవడానికి లేదు, వేల పీసుల మీదే పడతాయి. ఎమ్మిగనూరు నేతగాళ్ళకు ఇది కొత్త లెక్కేమీ కాదు. పడుగును అచ్చుకు అతికే శ్రమ ఒక్క చీరకైనా అంతే, పది చీరలకైనా అంతే. ఒక్క చీరే నేస్తే ఆ శ్రమంతా దాని మీదే పడుతుంది.

రీళ్ళ రోజుల్లో ఈ లెక్క వేరుగా ఉండేది. ఫిల్ము పట్టీని చాలాకాలం సెల్యులోజ్‌తోనే చేశారు. అది ఆదోని మార్కెట్ యార్డుకు బండ్లకొద్దీ వచ్చే పత్తిలో ఉండేదే. దాని మీద వెండి లవణాల పూత పూసేవారు. బొమ్మ నాణ్యత ఎక్కువగా ఆ పూతలోనే ఉండేది కాబట్టి, మెరుగైన ఫిల్ము మార్కెట్‌లోకి రాగానే ఇరవై ఏళ్ళ నాటి కెమెరా కూడా మెరుగుపడేది. ఖర్చు ఫిల్ముది, కెమెరా తరాలపాటు పనిచేసే పెట్టె. డిజిటల్ వచ్చాక ఆ ఫిల్ము స్థానంలో సెన్సర్ వచ్చి కెమెరాలోనే స్థిరపడింది. కొత్త సెన్సర్ కావాలంటే కెమెరానే మార్చాలి. రీలు ఖర్చు తప్పిందని మనం సంతోషించాం గానీ, అది కెమెరా బాడీ ధరలోకి చేరి, ఏటేటా తరిగిపోయే ఆస్తిగా మారింది.

ఇక దోపిడీ మాట. అందులో నిజం లేకపోలేదు. 2006లో రెడ్ కంపెనీ 17,500 డాలర్లకు, అంటే అప్పటి మారకంలో సుమారు ఎనిమిది లక్షలకు, 4కే సినిమా కెమెరా ఇస్తానని ప్రకటించి పాత కంపెనీలను కంగారుపెట్టింది. అదే రెడ్, కెమెరాలోనే రా (ముడి) వీడియోను కుదించే పద్ధతిపై పేటెంట్లు పెట్టుకుని మిగతావారికి అడ్డుగోడ కట్టింది. యాపిల్ ఆ పేటెంట్లను సవాలు చేసి 2019లో ఓడిపోయింది. 2022లో రెడ్ తన మీద దావా వేస్తే నికాన్ 2024లో ఆ కంపెనీనే కొనేసింది. మరుసటి ఏడాదే రెడ్ పరిజ్ఞానంతో జెడ్‌ఆర్ కెమెరాను సుమారు 2,200 డాలర్లకు తెచ్చింది. 2025లోనే ఆరి కంపెనీ తన అలెక్సా 35 సినిమా కెమెరాలో కొన్ని సౌకర్యాలకు తాళం వేసి, తక్కువ ధరకు బాడీ అమ్మి, తాళం తీయడానికి విడిగా లైసెన్సు ఫీజు పెట్టింది. యంత్రం అదే అయినప్పుడు ఈ ఫీజు దేనికని అడగడం న్యాయమే. దానికి జవాబు కూడా ఉంది. ఆ సౌకర్యాలను తయారుచేసిన ఖర్చును అందరి మీదా రుద్దకుండా వాడేవారి దగ్గరే వసూలు చేస్తున్నారు. ధర ముడిసరుకును బట్టి కాక పరిశోధన ఖర్చును బట్టి నిర్ణయమవుతోందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

చౌక కెమెరాతో పని జరగదా అంటే, జరుగుతుంది. 2011లో రామ్‌గోపాల్ వర్మ ‘దొంగల ముఠా’ను కానన్ 5డీ కెమెరాలతో అయిదు రోజుల్లో తీశారు. 2023లో హాలీవుడ్ ‘ది క్రియేటర్’ను అప్పట్లో నాలుగువేల డాలర్లలోపు దొరికిన సోనీ ఎఫ్‌ఎక్స్3తో తీసింది. మరి ‘బాహుబలి’కి సెంథిల్‌కుమార్ అలెక్సా ఎందుకు వాడారు? వందలమంది జూనియర్ ఆర్టిస్టులు, గుర్రాలు, భారీ సెట్టు సిద్ధంగా ఉన్న రోజున కెమెరా ఒక్క గంట మొరాయిస్తే, ఆ నష్టం ముందు అద్దె ఒక లెక్కలోది కాదు. పెద్ద నిర్మాత నాణ్యతతో పాటు ఆ భరోసాను కూడా కొంటాడు. చిన్న ఊరి పనికి అంత భరోసా అవసరం లేదు.

లెక్క కోసం ఇలా అనుకుందాం. అయిదు లక్షల కిట్టుతో ఏడాదికి యాభై చొప్పున మూడేళ్ళలో నూటయాభై పెళ్ళిళ్ళు తీస్తే, ఒక్కో పెళ్ళికి పడేది 3,300 చిల్లర. అరవై లక్షల కిట్టయితే నలభైవేలు. పెళ్ళివారు అంత ఇవ్వరు. మూఢం వస్తే పెళ్ళిళ్ళు ఆగుతాయి గానీ, ఫైనాన్సు వాయిదాలు ఆగవు. కాబట్టి అప్పు చేసి సినిమా కెమెరా కొనడం ఇక్కడ ఎవరికీ గిట్టుబాటు కాదు. అద్దెకు హైదరాబాదు నుంచో బెంగళూరు నుంచో తెస్తే రానూపోనూ రోజులకు కూడా కట్టాలి.

దీనికి దారి మన దగ్గరే ఉంది. ఒంటరి నేతగాడికి నూలు కొనే శక్తి, సరుకు అమ్ముకునే శక్తి లేని రోజుల్లో, 1938లో మాచాని సోమప్ప ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘం పెట్టారు. రెండు ఊళ్ళ స్టూడియోలవారు అలాగే కలిస్తే, ఒక మంచి సినిమా కిట్టు ఉమ్మడిగా ఉంచుకోవచ్చు. ముహూర్తాలన్నీ ఒకే రోజున పడితే కెమెరా ఎవరికివ్వాలని మీరడగవచ్చు. పెళ్ళిళ్ళకు ఎవరి కిట్టు వారికి ఉండనే ఉంటుంది. ఉమ్మడి కిట్టు ప్రకటనలకు, డాక్యుమెంటరీలకు, షార్ట్ ఫిల్ములకు. వాటికి ముహూర్తాలతో పని లేదు. పాడుచేస్తే ఎవరు కడతారన్నది రెండో ప్రశ్న. డిపాజిట్టు, బీమా, తీసుకున్నప్పుడూ తిరిగి ఇచ్చినప్పుడూ సంతకం చేసే రిజిస్టరు ఉంటే అదీ తీరుతుంది. కెమెరా ధరలు మన చేతిలో లేవు, దాన్ని ఎన్ని రోజులు పనిలో పెడతామన్నది మన చేతిలోనే ఉంది. కొత్త మోడల్ కోసం వాయిదాల కాగితం మీద సంతకం పెట్టేముందు, పక్క స్టూడియో యజమానితో ఒకసారి కూర్చుని మాట్లాడండి.