మా హాల్లో బంగాళాఖాతం

"అమ్మా, నీమో మనింటికెప్పుడొస్తుంది?"

విశాఖ బీచ్ రోడ్డులో మత్స్యదర్శిని చూసొచ్చిన రాత్రి మా అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. 2003లో వచ్చిన 'ఫైండింగ్ నీమో' సినిమా దాని పుట్టుకకన్నా ముందుది. అయినా ఆ నారింజరంగు చేప పేరు తెలియని పిల్లలు ఇప్పటికీ తక్కువే. అసలు పేరు క్లౌన్ చేప. ఉప్పునీళ్లలో తప్ప బతకదు. ఆ మాటే చెప్పి తప్పించుకుందామని చూశాను.

"సముద్రం మనూళ్లోనే ఉందిగా!" అంది.

ఏం చెబుతాం?

మర్నాడు ఊళ్లో అక్వేరియం దుకాణానికి వెళ్లాం. మంచినీళ్ల చేపల తొట్టెలైతే వెయ్యికీ రెండు వేలకీ ఉన్నాయి. ఉప్పునీళ్ల తొట్టె అనగానే దుకాణదారు కాగితం తీసి లెక్క వేశాడు. ముప్ఫై అయిదు వేలు! మావారు మెల్లిగా బయటికి నడిచారు. నా దగ్గర కథలకొచ్చిన పారితోషికం, ఒక పోటీలో వచ్చిన బహుమతి డబ్బూ కలిపి పన్నెండు వేలుంది. రెండేళ్ల కూడబెట్టు. దాంతో ఏం కొనుక్కోవాలో నేనింకా తేల్చుకోలేదు. పిల్ల మొహం చూశాక తేలిపోయింది.

అయితే ముందే ఒక షరతు పెట్టాను. కోరిక అమ్మాయిది, సరదా వాళ్ల నాన్నది, చాకిరీ మాత్రం నాది అయితే కుదరదని. మేత అమ్మాయి వేయాలి. నీళ్ల కేన్లు మావారు మోయాలి. నీళ్ల పరీక్షలు, లెక్కలు నావి. కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించాను. మీరూ మొదలుపెట్టే ముందు ఈ కాగితం రాయించుకోండి. తొట్టెకన్నా ఇదే ముఖ్యం!

ఇంటికొచ్చి ఆ ముప్ఫై అయిదు వేల లెక్క విప్పి చూస్తే సగానికిపైగా రెండు వస్తువులే మింగేస్తున్నాయి. ఒకటి పగడాలు పెరగడానికి కావలసిన ఖరీదైన లైట్లు. రెండోది నీళ్లలోంచి మురికిని నురగలా లాగేసే స్కిమ్మర్ అనే యంత్రం. పగడాలు పెంచకపోతే ఆ లైట్లెందుకు? మామూలు ఎల్ఈడీ ట్యూబు ఎనిమిది గంటలు వెలిగితే చాలు. రెండు చిన్న చేపలే ఉంటే స్కిమ్మర్ లేకపోయినా, వారం వారం కొంచెం నీళ్లు మార్చుకుంటే గడిచిపోతుంది.

అసలు పగడాలు కావాలన్నా తేకూడదు. మన దేశంలో పగడాలకూ, సముద్రపు గుర్రాలకూ, కొన్ని రకాల శంఖాలకూ గవ్వలకూ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. ఒక దుకాణంలో కౌంటరు కిందనుంచి పగడపు రాయి తీసి "మీకైతే తక్కువకిస్తానమ్మా" అన్నాడొకాయన. దణ్ణం పెట్టి వచ్చేశాను. రాళ్ల బదులు మెరుగు పూయని మట్టికుండ ఒకటి పగలగొట్టి, పెంకులు గుహలా పేర్చాను. చేపలకి దాక్కోవడానికి చాటు కావాలి, అంతే. అది పగడమో పెంకో వాటికెందుకు?

తొట్టె అద్దాల దుకాణంలో చేయించాం. మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగుంబావు ఎత్తు. సుమారు వంద లీటర్లు పడుతుంది. చిన్నదైతే చవకగా అయిపోతుంది కదా అనుకుంటారేమో, అక్కడే పొరపాటు. నీళ్లు ఎంత తక్కువుంటే ఉప్పూ వేడీ మురికీ అంత తొందరగా తారుమారవుతాయి. కొత్తవాళ్లకి పెద్ద తొట్టే క్షేమం. నీళ్లూ ఇసకా అద్దాలూ కలిపి బరువు నూట ముప్ఫై కిలోలు దాటుతుంది కాబట్టి పాత టీవీ బల్ల మీద పెట్టే ఆలోచన మానేసి ఇనప స్టాండు వెల్డింగ్ చేయించాం. సిలికాన్ అతుకుల దగ్గర వినిగర్ వాసన పూర్తిగా పోయేదాకా ఆగి, బాల్కనీలో మామూలు నీళ్లు నింపి రెండ్రోజులు కారుతోందేమో చూశాం.

ఇసక దగ్గర నేను తెలివి ఉపయోగించబోయి భంగపడ్డాను. సముద్రం ఒడ్డు ఇసక ఉండగా కొనడమెందుకని గుప్పెడు తెచ్చి చూపించాను. మావారు సరదాగా ఫ్రిజ్ మీది అయస్కాంతం తీసి దాని దగ్గర పెట్టారు. నల్లటి రేణువులు బిలబిలా వచ్చి అంటుకున్నాయి! మన తీరం ఇసకలో ఇనుము కలిసిన ఖనిజాలు ఎక్కువ. పంపులోపలా అయస్కాంతమే ఉంటుంది. ఆ రేణువులు అందులో చేరి దాన్ని అరగదీస్తాయి. గుప్పెడు ఇసకా ఒడ్డునే పోసొచ్చి, దుకాణంలో సున్నపు ఇసక కొన్నాను.

ఇక నీళ్లు. పెదజాలారిపేట నుంచి మా వీధికి చేపలు తెచ్చే ఆవిడని అడిగాను. వాళ్లాయన పడవ మీద వేటకి వెళతాడు.

"ఏటమ్మా, సముద్రం నీళ్లు కొనుక్కుంటారేటి?" అని బుగ్గ నొక్కుకుంది.

ఒడ్డు దగ్గరవి వద్దనీ, మురుక్కాలవలు కలిసేచోటువీ హార్బరు వైపువీ అసలే వద్దనీ, లోపలికెళ్లాక ముంచమనీ చెప్పాను. కేను యాభై రూపాయల చొప్పున ఇరవై లీటర్ల కేన్లు అయిదు తెచ్చిచ్చారు. పాత నూలుచీర నాలుగు మడతలు పెట్టి వడకట్టి, మూత ఉన్న డ్రమ్ములో రెండు వారాలు చీకట్లో ఉంచాను. కంటికి కనబడని జీవాలు చచ్చి అడుగుకి దిగిపోతాయి. పైన తేరిన నీళ్లే వాడుకోవాలి.

ఉప్పు ఎంతుందో చూడ్డానికి హైడ్రోమీటరుండాలి. అందులో 1.025 దగ్గర చూపిస్తే లీటరుకి దాదాపు 35 గ్రాముల ఉప్పున్నట్టు. సముద్రం నీళ్లే కదా, చూసేదేముందని అనుకోకండి. వానాకాలం వెళ్లే రోజుల్లో నదుల నీళ్లన్నీ వచ్చి కలవడంతో మన బంగాళాఖాతం పైపొర చప్పబడుతుంది. వేసవిలో తెచ్చిన నీళ్లు సరిగ్గా ఉన్నాయి గానీ, అక్టోబరులో తెచ్చినవి 1.019 చూపించాయి. అలాంటప్పుడు అక్వేరియం ఉప్పు కొంచెం కలిపి సరిచేసుకోవాలి.

మీరు హైదరాబాదులోనో ఖమ్మంలోనో ఉంటే మొత్తం ఆ ఉప్పుతోనే తయారు చేసుకోవచ్చు. వంద లీటర్లకి నాలుగు కిలోల లోపే. క్లోరిన్ లేని నీళ్లు, అంటే ఇంట్లో ఆర్వో నీళ్లలాంటివి వాడాలి. వంటింటి ఉప్పు మాత్రం పనికిరాదు. అది ఉత్త సోడియం క్లోరైడు. సముద్రంలో దాంతోపాటు మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం ఇంకా చాలా ఉంటాయి.

ఇంత జాగ్రత్తగా చేశాను కదా, అసలు తప్పు ఇప్పుడు చేశాను.

తొట్టె నింపి, పంపు తిప్పి, నాలుగో రోజున రెండు నీలి డామ్సెల్ చేపలు తెచ్చాం. "గట్టి చేపలమ్మా, ఏం కావు" అన్నాడు అమ్మినవాడు. మూడోరోజుకి ఒకటి నీటి పైకొచ్చి నోరు తెరుచుకుని గుటకలు వేయసాగింది. నీళ్లు అద్దంలా ఉన్నాయి, ఎక్కడా మురికి లేదు. అయిదోరోజు పొద్దున్నకి రెండూ పోయాయి. మా అమ్మాయి బడికెళ్లనని మొండికేసింది. అయిదు వందలు పోయాయన్న బాధ నాకు ఆ తర్వాతగానీ గుర్తు రాలేదు. బతికున్నదాన్ని తెచ్చి నేనే విషంలో వేశానన్న సంగతి ముందు గుండెల్లో గుచ్చుకుంది.

విషమే మరి. చేపల విసర్జనలోంచీ, మిగిలిపోయిన మేతలోంచీ అమ్మోనియా పుడుతుంది. కంటికి కనబడదు. ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైటుగా మారుస్తుంది, అదీ ప్రమాదమే. ఇంకో రకం ఆ నైట్రైటుని నైట్రేటుగా మారుస్తుంది. అది కొద్దిగా ఉన్నా చేపలు తట్టుకుంటాయి, నీళ్లు మార్చినప్పుడు పోతుంది. కొత్త తొట్టెలో ఈ బాక్టీరియా ఉండదు. ఇసకలో, పెంకుల మీద, ఫిల్టరులోని పింగాణీ ముక్కల మీద అది నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. దుకాణదారుకి ఈ సంగతి తెలియదో, తెలిసీ చెప్పలేదో! పుస్తకం తిరగేయకుండా అతని మాట నమ్మింది మాత్రం నేను.

మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి చేపలు లేకుండా. పలచటి గుడ్డలో ఒక పచ్చిరొయ్య మూటకట్టి తొట్టెలో వేలాడదీశాను. అది కుళ్లుతూ అమ్మోనియానిస్తుంది, ఆ బాక్టీరియాకి అదే తిండి. పాలకి తోడేసినట్టు, ఎప్పట్నించో ఉప్పునీళ్ల చేపల్ని పెంచుతున్న ఒకాయన్ని బతిమాలి వాళ్ల తొట్టెలోని ఇసక ఒక గిద్దెడు తెచ్చి కలిపాను. ఇక ఎదురుచూడ్డమే.

ఆ రోజులు తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఇంటికొచ్చినవాళ్లంతా ఖాళీ తొట్టె చూసి "చేపలేవండీ?" అనేవాళ్లు. మా అత్తయ్యగారైతే "రొయ్యని పెంచుతోందమ్మా మా కోడలు, అది చచ్చి నెలయింది" అని పక్కింటివాళ్లకి చెప్పారు. నేను మాత్రం పాల లెక్క రాసుకునే క్యాలెండరులోనే పరీక్షల అంకెలు రాసుకుంటూ పోయాను. రెండోవారం అమ్మోనియా బాగా పెరిగింది. మూడోవారం అది తగ్గుతూ నైట్రైటు పైకెక్కింది. ముప్ఫై ఎనిమిదోరోజున రెండూ సున్నా. ఇంకో మూడ్రోజులు వరసగా సున్నా వచ్చాక గానీ నాకు నమ్మకం కుదరలేదు. పెళ్లయ్యాక నేను పరీక్ష పాసైంది అదే మొదటిసారి!

అప్పుడు తెచ్చాం రెండు క్లౌన్ చేపల్ని, జోడీ పన్నెండు వందలకి. సముద్రంలో పట్టినవి కాకుండా తొట్టెల్లో పుట్టిపెరిగినవే కావాలని అడిగి మరీ తెచ్చుకున్నాం. అలాంటివి గుళికల మేతకి అలవాటుపడి ఉంటాయి, తొట్టెలో బెదిరిపోవు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు కేరళలోని విళింజంలో ఈ చేపల్ని పుట్టించే పద్ధతి కనిపెట్టారు. సంచిలోని చేపల్ని ఒక్కసారి తొట్టెలో ఒంపకుండా, మందుల షాపులో కొత్త సెలైన్ గొట్టం కొని, తొట్టెలో నీళ్లు గంటసేపు చుక్కచుక్కగా చేపల గిన్నెలోకి దించాం. అమ్మాయి ఆ గంటా కదల్లేదు.

ఈ చేపల గురించి ఒక విచిత్రం. అన్నీ పుట్టడం మగవిగానే పుడతాయి. గుంపులో అన్నిటికన్నా పెద్దది ఆడదిగా మారుతుంది, దాని తర్వాతది దానికి జోడీ. ఆడది చచ్చిపోతే ఆ మగదే ఆడదై ఇల్లు నడుపుతుంది. మళ్లీ వెనక్కి మారదు. భోజనాల దగ్గర ఈ సంగతి చెబితే అత్తయ్యగారు చెయ్యి ఆపి, "అయితే పెత్తనం ఎప్పుడూ ఆడదానిదేనన్నమాట! బాగుంది" అన్నారు. అప్పట్నించీ తొట్టె ముందు కుర్చీ ఆవిడదే.

వేసవిలో ఇంకో గండం. ఈ చేపలకి 25 నుంచి 28 డిగ్రీల వేడి బాగుంటుంది. మే నెలలో మా హాల్లో నీళ్లు 32 దాటాయి. నీళ్లు చల్లబరిచే యంత్రం తొట్టెకన్నా ఖరీదు. తొట్టె మూత తీసి వల పరిచి, పాత టేబులు ఫ్యాను గాలి నీటి మీద తగిలేట్టు పెట్టాను. రెండు మూడు డిగ్రీలు దిగింది. కాకపోతే నీళ్లు ఆవిరై తగ్గుతాయి. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు కాదు. అందుకని తగ్గినంతా మంచినీళ్లే పోయాలి. ఉప్పునీళ్లు పోశారో, రోజురోజుకీ ఉప్పు పెరిగిపోతుంది. ఎంత తగ్గిందో తెలియడానికి అద్దం బయట ఒక స్టిక్కరు బొట్టు అంటించాను. నీళ్లు బొట్టు కిందకి దిగితే పోయడమే.

కరెంటు సంగతి కూడా. ఉప్పు తుంపర్లు తీగల మీద పేరుకుంటాయి, తడిగుడ్డతో తుడుస్తుండాలి, స్విచ్చి తీసేశాకే సుమా! తీగ ప్లగ్గు కన్నా కిందకి వేలాడి మళ్లీ పైకెక్కేట్టు ఉంచాలి, అప్పుడు జారిన చుక్క కిందనే రాలిపోతుంది. నీళ్లలో చెయ్యి పెట్టేముందు అన్నీ ఆపాలి. పిల్లలుంటే ఇందులో రాజీ వద్దు.

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానుని చూసిన ఊరు మాది. అందుకని బ్యాటరీ మీద నడిచే గాలి పంపు ఒకటి ముందే కొనుంచాను. కిందటేడు వానల్లో మా వీధి ట్రాన్స్‌ఫార్మరు పేలింది. సాయంత్రం ఆరింటికి కరెంటు పోతే, రాత్రి ఒంటిగంటకి ఆ బ్యాటరీలూ అయిపోయాయి. దుకాణాల్లేవు. చేసేదిలేక కొవ్వొత్తి పెట్టుకుని, మగ్గుతో తొట్టెలో నీళ్లు ముంచి ఎత్తునుంచి మళ్లీ అందులోకే పోస్తూ కూర్చున్నాను. అలా పోస్తే నీళ్లలో గాలి కలుస్తుంది. పావుగంటకోసారి. రెండు గంటలకి మావారు లేచొచ్చి "నువ్వెళ్లి పడుకో" అని మగ్గు తీసుకున్నారు. ఫ్రిజ్ మీది కాగితంలో ఈ పని లేదు! తెల్లవారి ఎనిమిదింటికి కరెంటొచ్చేసరికి రెండు చేపలూ పెంకుల గుహలోంచి తొంగి చూస్తున్నాయి. మావారు కుర్చీలో మగ్గు పట్టుకునే నిద్రపోతున్నారు.

ఖర్చు అడుగుతారని రాస్తున్నాను. తొట్టె, స్టాండు 4,200. పంపు, ఫిల్టరు 1,900. ఇసక, పింగాణీ ముక్కలు 1,100. హైడ్రోమీటరు, పరీక్ష మందులు 1,500. లైటు 450, బ్యాటరీ పంపు 500, నీళ్లు 250. పోయిన చేపలు 500, ఉన్నవి 1,200. మొత్తం 11,600 రూపాయలు. ఆ తర్వాత మేతకీ వారానికి పది లీటర్ల నీళ్లకీ పెద్దగా అయ్యేదేం లేదు.

మొన్న చేపలావిడ తట్ట గుమ్మంలో దించి, తొట్టె చూస్తానంటే లోపలికి రమ్మన్నాను. చాలాసేపు వంగి చూసింది.

"ఇవి మా నీళ్లేనా అమ్మా?"

"మీవే."

"ఇంత సిన్న సేపకి ఆరొందలా! కూరకి ఏ మూలకొస్తాదమ్మా?" అని పకపకా నవ్వింది. తట్ట ఎత్తుకుంటూ గుమ్మం దగ్గర ఆగి, "మంగళారం కేను ఒకటి సాలునా, రెండు తెమ్మంతారా?" అంది.

ఒకటి చాలన్నాను.