కిటుకు తెలిస్తే బండి టైరు ఇంట్లోనే

తెల్లవారుజామున నాలుగున్నర. గేదెల పాలు పిండడం అయింది. క్యాన్లు తగిలించి బండి ఎక్కబోతే వెనక టైరు నేలకు అతుక్కుని కనిపించింది. పంక్చరు షాపు ఉండేది మండల కేంద్రంలో. అది తొమ్మిదింటికి గాని తెరవరు. పాలకేంద్రం వాళ్లు ఏడింటికే సర్దేసుకుంటారు. ఇక ఆ పూట పాలు ఇంట్లోనే. ఎండాకాలమైతే మధ్యాహ్నానికే విరిగిపోతాయి.

పాలక్యాను, ఎరువు బస్తా, పశువుల మేత.. అన్నీ మోసే మోటారు సైకిలు ఇవాళ రైతుకు మరో కాడెద్దు. ఎద్దుకు నాడా ఊడితే వెంటనే చూసుకునే మనం, బండి టైరు దగ్గరకొచ్చేసరికి షాపు దారి పడతాం. ‘అంత బిగుతైన టైరు మనవల్ల అవుతుందా?’ అనే అనుమానమే అందుకు కారణం. ట్యూబు ఉన్న టైరైతే తప్పకుండా అవుతుంది.

బలంతో పనిలేదు

టైరు అంచులో సాగని ఉక్కు తీగ ఉంటుంది. ఎంత లాగినా అది పెరగదు. అయితే రిమ్ము మధ్యలో చుట్టూ ఓ పల్లం ఉంటుంది. టైరు ఒకవైపు అంచును ఆ పల్లంలోకి నొక్కి ఉంచితే, ఎదుటివైపు అంతమేర వదులు దొరుకుతుంది. కిటుకంతా ఇదే. లివరు కదలకపోతే బలం పెంచకండి. ఎదుటి అంచు పల్లంలోంచి పైకి జారిందేమో చూడండి. మొండిగా లాగితే ట్యూబు చిరుగుతుంది, రిమ్ము వంగుతుంది.

ఏమేం కావాలి?

బండికి సరిపడే పానాలు, రెండు మూడు టైరు లివర్లు, గాలి పంపు, వాల్వు పిన్ను తీసే సాధనం, సబ్బు నీళ్లు చాలు. చేత్తో నడిపే టైరు స్టాండు ఉంటే పని ఇంకా తేలిక. ఇనుప చట్రం మధ్యలో ఉండే నిలువు కడ్డీ చక్రాన్ని కదలకుండా పడుతుంది. పక్కనున్న పొడవాటి చెయ్యిని నొక్కితే, రిమ్ముకు అతుక్కున్న టైరు అంచు ఊడుతుంది. స్టాండును సిమెంటు గచ్చుకో, మందపాటి చెక్కకో బోల్టులతో బిగించాలి. లేకపోతే చక్రంతోపాటు అదీ తిరుగుతుంది. నలుగురైదుగురు రైతులు కలిసి ఒకటి కొనుక్కున్నా సరిపోతుంది. స్టాండు లేనివారు చక్రాన్ని పాత టైరు మీద పడుకోబెట్టి, మడమతో తొక్కి అంచు ఊడదీయవచ్చు.

విప్పేటప్పుడు..

బండిని గట్టి నేలమీద సెంటర్ స్టాండు వేయాలి. విప్పిన నట్లు, వాషర్లు, బుష్‌లు వరసగా గోనెసంచి మీద పేర్చుకోవాలి. బ్రేకు షూలున్న ప్లేటును తీసి పక్కన పెట్టాలి. షూలకు, డ్రమ్ము లోపల నూనె, గ్రీజు, సబ్బు నీళ్లు తగలనివ్వకూడదు.

వాల్వు పిన్ను తీసి గాలంతా పోనివ్వాలి. వాల్వు నట్టు విప్పాలి. రెండువైపులా అంచు ఊడదీసి సబ్బు నీళ్లు రాయాలి. డీజిలు, గ్రీజు రాస్తే రబ్బరు పాడవుతుంది. వాల్వుకు ఎదురుగా ఉన్న అంచును మోకాళ్లతో పల్లంలోకి నొక్కి, వాల్వు దగ్గర లివరు పెట్టాలి. ఒకేసారి జానెడు లేపకుండా రెండు మూడు అంగుళాల చొప్పున తీసుకుపోవాలి. ఒకవైపు అంచు వచ్చాక ట్యూబు లాగి, తర్వాత టైరు తీయాలి.

కొత్త ట్యూబు వేసే ముందు టైరు లోపల గుడ్డతో తుడిచి చూడాలి. తుమ్మముల్లు అందులోనే ఉండిపోతే కొత్త ట్యూబుకూ అదే గతి. రిమ్ము తుప్పు, పొడుచుకొచ్చిన పుల్లలు, చిరిగిన రిమ్ము టేపు ఉంటే సరిచేయాలి.

ఎక్కించేటప్పుడు..

టైరు పక్కన బాణం గుర్తుంటే అది చక్రం ముందుకు తిరిగే వైపు ఉండాలి. సైజు కూడా సరిచూసుకోవాలి. 80/100-18 అంటే వెడల్పు 80 మిల్లీమీటర్లు, ఎత్తు వెడల్పులో నూటికి నూరు శాతం, రిమ్ము 18 అంగుళాలు. తయారీ తేదీ నాలుగంకెల్లో ఉంటుంది. 2324 అంటే 2024వ సంవత్సరం 23వ వారం.

కింది అంచు ఎక్కించాక, ట్యూబుకు ఆకారం వచ్చేంత గాలి మాత్రమే కొట్టి, పౌడరు చల్లి లోపల పెట్టాలి. ఈసారి వాల్వుకు ఎదుటివైపు మొదలుపెట్టి వాల్వు దగ్గర ముగించాలి. అంచు కింద ట్యూబు నలగకుండా వాల్వును ఓసారి లోపలికి నెట్టి వదలాలి. గాలి కొట్టి, టైరు మీది సన్నటి గీత రిమ్ము చుట్టూ ఒకే ఎడంలో ఉందో లేదో చూడాలి. మళ్లీ గాలంతా తీసి కొడితే ట్యూబు మడతలు పోతాయి. కంపెనీ చెప్పినంత గాలే ఉంచాలి.

బ్రేకు మరిచిపోవద్దు

చక్రం బిగించాక చైను రెండువైపులా గుర్తులు సమానంగా ఉన్నాయా? బ్రేకు ప్లేటును పట్టి ఉంచే కడ్డీ నట్టు, దాని స్ప్లిట్ పిన్ను పెట్టారా? ఇరుసు నట్టు బిగిసిందా? ఇవి చూడకుండా బండి తీయొద్దు. టైరు తప్పు ట్యూబుతో పోతుంది, బ్రేకు తప్పు ప్రాణం మీదికి తెస్తుంది. ముందు ఇంటి ముందే మెల్లగా నడిపి బ్రేకు వేసి చూడండి. కొత్త టైరు మొదట్లో జారుతుంది. కొన్నాళ్లు మలుపుల్లో నెమ్మదిగా వెళ్లాలి.

ట్యూబులెస్ టైర్లను షాపుకే వదిలేయడం మేలు. వాటి అంచు రిమ్ముకు కరుచుకోవాలంటే ఒక్కసారిగా ఎక్కువ గాలి కావాలి. చేతిపంపుతో అది కుదరదు.

మొదటిసారే అవసరం పడి నేర్చుకోవద్దు. తీరిక దొరికిన రోజు, పగటి వెలుతురులో, పాత టైరు మీద చెయ్యి తిప్పుకోండి. రెండు మూడుసార్లు చేస్తే చేతికి ఆ పల్లం తెలుస్తుంది. ఆ తర్వాత తెల్లవారుజామున టైరు దిగినా, మీ పాలు ఏడింటిలోపు కేంద్రం చేరతాయి.