జిహ్వకో రుచి: మూడు ఊళ్ల ముచ్చట

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్న సామెతను పెద్దలు పరిహాసంగా వాడుతూ ఉంటారు. కాని ఆ మాటలో ఒక ధర్మసూక్ష్మం ఇమిడి ఉన్నది. ఎవరి రుచి వారిదని ఒప్పుకొనడమంటే, ఎదుటివాని విస్తరిలోని పదార్థాన్ని చూచి ముక్కు మూసికొనకుండా ఉండడం. ఇది చెప్పినంత సులభం కాదు. భాష విషయంలో, మతం విషయంలో ఎంతో ఔదార్యం చూపగల విజ్ఞులు సైతం తిండి దగ్గరకు వచ్చేసరికి తమ తల్లి వంటనే ప్రమాణంగా పెట్టుకొని లోకమంతటినీ కొలుస్తారు.

మన కవులకు కూడ ఈ గుణం తప్పలేదు. సన్నన్నానికి అలవాటుపడిన శ్రీనాథుడు పలనాటి జొన్నకూటిని ఈసడిస్తూ చెప్పినట్లు ప్రచారంలో ఉన్న చాటువులు తెలుగు పిల్లలందరికీ తెలిసినవే. ఆ జొన్న తిని ఎండలో దున్నుకొన్న పలనాటి రైతు తన వంతు పద్యం చెప్పలేదు గనుక కవి మాటే నిలిచిపోయినది. శ్రీకృష్ణదేవరాయల దృష్టి వేరు. ‘ఆముక్తమాల్యద’లో విష్ణుచిత్తుడు అతిథులకు పెట్టే భోజనం ఋతువును బట్టి మారుతుంది. వానకాలానికి ఒక తీరు, వేసవికి ఒక తీరు, చలికాలానికి మరొక తీరు. నేల ఏది ఇస్తే, కాలం ఏది కోరితే అదే ఉత్తమ భోజనమన్న గ్రహింపు అందులో కనిపిస్తుంది.

ఈ రెండు చూపులనూ పరీక్షించి చూడడానికి దూరదేశాలకు పోనక్కరలేదు. కృష్ణ పడమటి డెల్టాలో తెనాలి, బాపట్ల, రేపల్లె అనే మూడు ఊళ్లు ఉన్నవి. ఒకదానికొకటి యాభై కిలోమీటర్లకు మించని దూరం. 2022 ఏప్రిల్ లో జరిగిన జిల్లాల పునర్విభజనతో తెనాలి గుంటూరు జిల్లాలో ఉండిపోగా, తక్కిన రెండూ కొత్తగా ఏర్పడిన బాపట్ల జిల్లాలో చేరినవి. నీరు ఒకటే, భాష ఒకటే. కాని మూడు రుచులకు లోకం మూడు విధాలైన మర్యాద చేసినది.

తెనాలి: పరదేశి చుట్టమైన కథ

ఆంధ్రా పారిస్ అని పేరు పొందిన తెనాలిలో బెల్లం జిలేబీ ప్రసిద్ధం. పులిసిన పిండిని మరిగే నూనెలో చుట్టలుగా పోసి, వేగినవాటిని బెల్లపు పాకంలో ముంచి తీస్తారు. పంచదార జిలేబీకి ఉండే పసుపు వన్నె దీనికి ఉండదు. నల్లని ఎరుపుతో, బెల్లపు వాసనతో, కొంచెం పులుపు తగులుతూ ఉంటుంది. ఈ విద్య బొందిలీల కుటుంబాలది. పూర్వం ఉత్తరాది నుండి సైన్యాల వెంట దక్షిణానికి దిగివచ్చిన రాజపుత్రుల సంతతివారమని బొందిలీలు చెప్పుకొంటారు.

జిలేబీ పుట్టుపూర్వోత్తరాలు ఇంకా దూరం పోతవి. అరబ్బీలో ‘జలాబియా’, పారశీకంలో ‘జుల్బియా’ అన్న పేర్లే మన దేశంలో జిలేబీ అయినవి. 13వ శతాబ్దపు అరబ్బీ వంటల గ్రంథాలలో దాని తయారీ ఉన్నది. పశ్చిమాసియాలో పుట్టి, ఉత్తర హిందూస్థానంలో పెరిగి, కృష్ణాతీరంలో చెరకు బెల్లాన్ని కలుపుకొని అది తెలుగుదైపోయినది. ఈనాడు తెనాలివాడు పొరుగూరి చుట్టాలకు జిలేబీ పొట్లం పట్టుకుపోతూ, పరదేశపు వంటను మోసుకుపోతున్నానని అనుకోడు. తన ఊరి గౌరవాన్ని తీసికొని పోతున్నానని అనుకొంటాడు. అది నిజమే కూడ.

మిరపకాయ మాట కూడ ఇక్కడ చెప్పుకోవలసి ఉన్నది. గుంటూరు పేరు చెప్పగానే గుర్తుకు వచ్చే ఆ కాయ అమెరికా ఖండపు పంట. 16వ శతాబ్దంలో పోర్చుగీసు ఓడలతో మన దేశపు పడమటి తీరానికి చేరినది. రాయల నాటి వంటింటికి అది ఇంకా అలవాటు కాలేదు; కారానికి మిరియమే దిక్కు. నేడు మిరపకాయ లేని గోంగూర పచ్చడిని, ఆవకాయను ఊహించగలమా? మన ‘సనాతన’ రుచులలో ఎన్నో ఒకనాటి కొత్తవే. ముందు తరాలవారెవరో ధైర్యం చేసి నాలుక మీద వేసికొన్నందువల్లనే అవి మనవైనవి.

బాపట్ల: ఇసుకలో దాగిన ఆహారం

తెనాలి నుండి దక్షిణంగా పోతే నల్లరేగడి తరిగి ఇసుక నేల వస్తుంది. బాపట్ల దాటి సూర్యలంక సముద్రం వరకు తాటిచెట్లు. శ్రావణ భాద్రపదాలలో తాటిపండ్లు రాలుతవి. ఆ పండు గుజ్జుతో, బెల్లం, బియ్యపు రవ్వ కలిపి రొట్టె వేస్తారు. మిగిలిన టెంకలను ఇసుకలో పాతర వేస్తారు. నీరు పోయనక్కరలేదు, ఎరువు వేయనక్కరలేదు. టెంక నుండి మొలక నేలలోనికి దిగి, మూడు నెలలలో జానెడు పైగా ఊరుతుంది. ఆకు విచ్చకముందే త్రవ్వి తీసి, కుండలో పెట్టి కాల్చినా, ఉడకబెట్టినా అవే తేగలు. కార్తికం మొదలు సంక్రాంతి దాక రైలుస్టేషన్ల దగ్గర, బడుల దగ్గర కట్టలుగా అమ్ముతారు. తేగను చీల్చితే నడుమ లేతాకు పుల్లగా కనిపిస్తుంది. పిల్లలు దానిని ‘చందమామ’ అంటారు. మొలకెత్తిన టెంకను పగులగొడితే లోపల దూదివంటి తెల్లని బుర్రగుంజు ఉంటుంది; అదీ తినేదే.

ఈ తేగను తెలియనివాడు పీచుకట్టె అంటాడు. చరిత్ర తెలిసినవాడు అలా అనలేడు. 1832–33లో, నందన నామ సంవత్సరంలో, గుంటూరు సీమను కాల్చివేసిన కరువును డొక్కల కరువని జనం చెప్పుకొన్నారు. లక్షల ప్రాణాలు పోయినవి. అప్పటికి కృష్ణకు ఆనకట్ట లేదు. 1855లో బెజవాడ వద్ద ఆనకట్ట పూర్తయిన తరువాతనే ఈ సీమ అన్నపూర్ణ అయినది. ఆ పాత ఆనకట్ట స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చినది. కాలువ నీటిని నమ్ముకొన్న వరి ఇక్కడి పంటలకు రాణి కావడం ఆ తరువాతి ముచ్చట. అంతకు ముందు, వాన మొహం చాటేసిన సంవత్సరాలలో, నీరడగని తాటిచెట్టు వంటివే పేదవాని ప్రాణం నిలిపినవి. పాక్ జలసంధికి ఆవల యాళ్పాణంలో తమిళులు ఇదే తేగను ఎండబెట్టి, పిండి చేసి, చేపలు పీతలు వేసి గంజి కాచి, పండుగ వంటలా తింటారు. అక్కడ అది జాతి గౌరవ చిహ్నం. మన వద్ద మాత్రం కాలక్షేపపు చిరుతిండిగానే మిగిలినది.

1945లో బాపట్లలో వ్యవసాయ కళాశాల వెలసినది. ఆ ఊరి పరిశోధన కేంద్రం నుండి 1986లో విడుదలైన బి.పి.టి. 5204, అనగా సాంబమసూరి, నేడు దక్షిణ దేశపు విస్తళ్లలో సన్నన్నమై పరచుకొని ఉన్నది. శ్రీనాథుడు కోరుకొన్న సన్నన్నం ఇంటింటా అందిన రోజులివి. తేగను చిన్నచూపు చూడడానికి ఆ అన్నపు సమృద్ధియే ఒక కారణమేమో!

రేపల్లె: వరిచేను చాటున

మూడవ రుచి దగ్గరకు వచ్చేసరికి చాలమంది పాఠకులు కాగితం ప్రక్కన పెట్టవచ్చును. అయినా చెప్పక తప్పదు.

నీరు వరిని తెచ్చినది. వరి ఎలుకను తెచ్చినది. డెల్టా చేలలో పందికొక్కు జాతి ఎలుక గట్ల క్రింద సొరంగాలు త్రవ్వి, కోసిన కంకులను గాదెలో ధాన్యంవలె దాచుకొంటుంది. ఈ శత్రువును పట్టడంలో యానాదులను మించినవారు లేరు. వెదురుతో అల్లిన బుట్టలను సాయంకాలం చేలగట్ల మీద అమర్చుతారు. ఎలుక ఎరకు తల దూర్చగానే వంచి కట్టిన బద్ద విడిచి, ఉచ్చు బిగుస్తుంది. లేదా అడుగున రంధ్రం గల కుండలో గడ్డి ముట్టించి, కన్నం నోట బోర్లించి, నోటితో ఊది లోనికి పొగ పంపుతారు. ఆ పొగలో సగం ఊదేవాని గుండెలలోకే పోతుంది. రైతు తలకింత అని కూలి ఇస్తాడు. కన్నంలో దొరికిన ధాన్యం, పట్టిన ఎలుక యానాదివి. గడ్డి మంట మీద బొచ్చు కాల్చి, శుభ్రపరచి, ఉప్పు కారం పట్టించి కాల్చుకొంటారు. లేదా పులుసు పెట్టుకొంటారు. వరి గింజ తిని పెరిగిన మాంసం అది.

దీనిలో భయపడదగిన సంగతి ఒకటి ఉన్నది. కాని అది జనం అనుకొనేది కాదు. జింక్ ఫాస్ఫైడ్, బ్రోమడయొలోన్ వంటి మందులు పెట్టిన చేనిలోని ఎలుక తినదగదు. ఎలుకల వలన వచ్చే జబ్బులు కూడ ఉన్నవి గనుక చేతి శుభ్రత, వంట శుభ్రత తప్పనిసరి. ఏ చేనిలో మందు పెట్టినదీ తెలిసికొని మసలుకొనవలసిన భారం వేటగానిదే. అనగా ఆ తిండిలోని అపాయం మన మందుల వలన వచ్చినదే గాని, వాని ఆచారం వలన వచ్చినది కాదు.

ఇక అసహ్యం మాట. బీహారులో ముసహరులు ఎలుకలను తింటారు. వారి కులనామమే అందుకు సాక్షి. మెకాంగ్ డెల్టాలో వరిచేల ఎలుక అంగటి సరుకు. కంబోడియా నుండి వియత్నాముకు ఎగుమతి అవుతుంది. పెరూ దేశంలో గినీ పంది అనే చిన్న జంతువును, అదీ మూషిక వర్గానిదే, పండుగ భోజనంగా కాలుస్తారు. కుస్కో నగరపు ప్రధాన దేవాలయంలో 18వ శతాబ్దపు చిత్రకారుడు మార్కోస్ జపాటా వ్రాసిన క్రీస్తు కడపటి విందు చిత్రంలో, బల్ల నడుమ పళ్లెంలో అటువంటి జంతువే వెల్లకిల పరుండి ఉన్నది. తన నేల తిండిని దేవుని ముందు పెట్టడానికి ఆ చిత్రకారుడు సిగ్గుపడలేదు.

మరొక విచిత్రం. ఇదే యానాది చేతులు రేపల్లె, నిజాంపట్నం మడ అడవుల బురదలో దిగి పీతలను పడుతవి. ఆ పీత ప్రాణంతో విదేశాలకు ఎగుమతి అవుతుంది. సింగపూరు భోజనశాలలలో అటువంటి పీతకు దొరల మర్యాద. బురదలోని పీత గౌరవనీయం, వరిచేలోని ఎలుక నీచం! ఈ భేదం జంతువులలో లేదు. తినేవాని అంతస్తులో ఉన్నది. పీతను కొనేవాడు ధనికుడు గనుక అది రుచి అయినది. ఎలుకను తినేవాడు పేదవాడు గనుక అది వెలి అయినది.

పంక్తి కలిసినది, వంట కలవలేదు

ఇది కేవలం రుచుల చర్చ అయితే ఇంతటితో ముగించవచ్చును. కాని ఇది బడిలో పిల్లవాని బ్రతుకుకు సంబంధించిన మాట. 2011 జనాభా లెక్కలలో యానాదులు ఐదు లక్షలకు పైబడి ఉన్నారు. నెల్లూరు సీమలో వెన్నెలకంటి రాఘవయ్య వంటివారు వారికొఱకు జీవితాన్ని ధారపోసి, వారి చరిత్రను గ్రంథస్థం చేశారు. అయినా వారి పిల్లలలో ఎందరో బడి మధ్యలోనే మానివేస్తున్నారు. అందుకు పేదరికం, వలస, కూలి పనులు కారణాలు. వాటి ప్రక్కన ఎవరూ లెక్క వ్రాయని కారణం ఒకటి ఉన్నది: ‘ఎలుకలు తినేవాడు’ అన్న ఎగతాళి. ఆ మాట పడిన పిల్లవాడు మరునాడు బడికి రావడానికి ఎంత ధైర్యం కూడగట్టుకొనవలెనో పెద్దలు ఆలోచించరు.

సంఘసంస్కర్తలు సహపంక్తి భోజనాలు పెట్టించారు. అది గొప్ప కార్యం. మన బడులలో మధ్యాహ్న భోజనం నాడు అన్ని కులాల పిల్లలు ఒక వరుసలో కూర్చుంటున్నారంటే ఆ తపస్సు ఫలమే. కాని ఆ పంక్తులలో వడ్డించినది ఎవరి వంట? అన్నం, పప్పు, సాంబారు. ఎవరికీ అభ్యంతరం లేని వంట. పంక్తి కలిసినది గాని వంట కలవలేదు. పిల్లవాడు తన ఇంటి తిండిని గుమ్మం బయట విడిచి లోనికి రావలసివస్తున్నది, చెప్పులు విడిచినట్లు.

అందరూ అన్నీ తినవలెనని ఎవరూ అనరు. శాకాహారికి అతని వ్రతం ఉన్నది. ముస్లిముకు, క్రైస్తవునికి, హిందువుకు ఎవరి నియమాలు వారికి ఉన్నవి. తినకపోవడం తప్పు కాదు. తినేవానిని తక్కువ చేయడం తప్పు. ‘నాకు వద్దు’ అనడం రుచి. ‘ఛీ’ అనడం అహంకారం. ఈ రెంటికీ గల భేదాన్ని భాషాపాఠంతో పాటు నేర్పగలవాడు ఉపాధ్యాయుడు ఒక్కడే.

దీనికి పెద్ద సన్నాహం అక్కరలేదు. కార్తికంలో ఒకనాడు తరగతిలోని పిల్లలు తమ ఇండ్లలో పూర్వం నుండి వచ్చే ఒక వంటను గురించి పది పంక్తులు వ్రాయవచ్చును. ఒకడు జిలేబీ గురించి వ్రాస్తాడు, ఒకతె రంజాను సేమ్యా గురించి, ఒకడు తేగల పాతర గురించి, ఒకతె ఎండుచేపల పులుసు గురించి. వెనుక బల్ల మీది పిల్లవాడు తండ్రి వెంట చేలగట్లకు పోయి బుట్టలు పెట్టిన రాత్రి గురించి వ్రాస్తాడు. ఎలుక ఏ దారిన వస్తుందో, కన్నానికి ఎన్ని నోళ్లు ఉంటవో ఆ తరగతిలో అతనికి తెలిసినంత మరెవరికీ తెలియదు. ఆ వ్యాసాన్ని నవ్వు లేకుండా విన్న తరగతిలో అతనికి మరునాడు కూడ చోటు ఉంటుంది.