ఉల్లిపొర నేర్పే పాఠం

మొక్కకైనా మనిషికైనా పైపొరే కాపలా. ఇది పిల్లలతో కలిసి చదువుకోండి.

ఉల్లిగడ్డ కోసేటప్పుడు రేకు లోపలి వైపు నుంచి సన్నని పొర ఒకటి ఊడి వస్తుంది. ఇంట్లో పిల్లలుంటే ఆ పొరను వెలుతురుకు ఎదురుగా పట్టి చూడమనండి. బడిలో సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే ఇటుకలు పేర్చిన గోడలా కనిపిస్తుంది. కణం పక్కన కణం, సందు లేకుండా ఉంటుంది. గోడ మందం మాత్రం ఒక్క కణమే. దీన్నే బాహ్యత్వచం అంటారు. ఆకుకు, లేత కాండానికి, పూరేకుకు పైన కప్పి ఉండేది ఇలాంటి పొరే.

"ఇంత పల్చటి పొర దేన్ని కాపాడుతుంది?" అని పిల్లలు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. దానికి జవాబు తెలిస్తే, మందు కొట్టే రోజు నాన్న ఒంటి మీద నిండు చేతుల చొక్కా ఎందుకుండాలో కూడా తెలుస్తుంది.

ఆకు మీద మైనం

తామరాకు మీద, చేమాకు మీద నీళ్లు చల్లితే ముత్యాల్లా దొర్లిపోతాయి. బాహ్యత్వచం పైన మైనంతో కూడిన పూత ఉండటమే కారణం. పుస్తకాల్లో దీనికి అవభాసిని అని పేరు. కొన్ని ఆకులకు ఎక్కువ, కొన్నింటికి తక్కువగానీ, ఈ పూత అన్ని పంటల ఆకులకూ ఉంటుంది. ఎండకు ఆకులోని నీరు ఊరికే ఆవిరైపోకుండా ఆపేది ఇదే. తెగులు బీజాలు లోపలికి దూరకుండా అడ్డుపడేది కూడా ఇదే. గాలి ఆడటానికి పొరలో చిన్న చిన్న రంధ్రాలుంటాయి. చాలా మొక్కలకు ఇవి ఆకు అడుగునే ఎక్కువ.

ఉల్లికాడ మీద, క్యాబేజీ ఆకు మీద మందు నీళ్లు నిలవకుండా జారిపోవడం రైతులకు తెలిసిందే. అందుకే జిగురు మందు కలుపుతాం.

చెట్టుకు బెరడు

కాండం లావెక్కే కొద్దీ ఒక్క కణం మందం పొర చాలదు, పగిలిపోతుంది. దాని బదులు చెట్టు బెండు పొర కట్టుకుంటుంది. 1665లో ఇంగ్లండులో రాబర్ట్ హుక్ సూక్ష్మదర్శినితో బెండు ముక్కను చూసి, అందులోని చిన్న గదులకు కణాలని పేరు పెట్టాడు. ఆయన చూసినవి చచ్చిన కణాల గోడలే. చచ్చాక కూడా అవి చెట్టుకు కాపలా కాస్తూనే ఉంటాయి.

ఆకులు తయారు చేసిన ఆహారం వేళ్లకు దిగేది బెరడు లోపలి భాగం నుంచే. మామిడి, బత్తాయి మొదళ్లకు నాగలి తగిలినా, ట్రాక్టరు ఒరుసుకున్నా ఆ గాయంలోంచి తెగులు లోపలికి పోతుంది. దెబ్బతిన్న బెరడు గీకేసి బోర్డో పేస్టు పూయమని చెప్పేది అందుకే. చుట్టూతా వలయంలా బెరడు ఊడితే వేళ్లకు తిండి అందక చెట్టు చచ్చిపోతుంది.

మన ఒంటి పొరలు

మనిషి లోపలి అవయవాలకు కూడా పొరలున్నాయి. గుండెకు రెండు పొరల సంచి ఉంది. మధ్యలో ఉండే కొద్దిపాటి ద్రవం వల్ల గుండె కొట్టుకునేటప్పుడు రాపిడి ఉండదు. ఊపిరితిత్తులకూ ఇలాంటి ఏర్పాటే ఉంది. మెదడుకైతే మూడు పొరలు. కానీ బయటి నుంచి వచ్చేదాన్ని ముందుగా అడ్డుకోవాల్సింది చర్మమే.

చర్మంలో అన్నిటికంటే పైన ఉండేవి, బెరడులో లాగే, చచ్చిన కణాలు. వాటి మధ్య సందుల్లో కొవ్వు పదార్థం నింపి ఉంటుంది. నీటిని ఆపేది ఆ కొవ్వే. అసలు చిక్కు కూడా అక్కడే ఉంది.

చాలా పురుగుమందులు నూనెలాంటి ద్రావకంలో కరిగి ఉంటాయి. బకెట్ నీళ్లలో పోయగానే పాలలా తెల్లబడే మందులు ఈ రకమే. ఆకు మైనాన్ని, పురుగు ఒంటి పూతను దాటి పోయే గుణం ఈ మందులకు ఉంది. మన చర్మంలోని కొవ్వు పొరను మాత్రం అవి వదులుతాయా? మంట ఉండదు, పుండు పడదు. మందు మాత్రం రక్తంలో కలుస్తుంది.

ఒంట్లో అన్నిచోట్లా ఒకేలా దూరదు. పారాథియాన్ మందుతో చేసిన పరిశీలనలో, ముంజేతి చర్మంతో పోలిస్తే నెత్తి, నుదురు దాదాపు 4 రెట్లు, వృషణాల మీది చర్మం సుమారు 12 రెట్లు ఎక్కువ మందు పీల్చుకున్నాయి. అరచేయి మందంగా ఉంటుంది కదా అని ధీమా పనికిరాదు. అదీ ముంజేయి కంటే కాస్త ఎక్కువే పీల్చింది. వీపున మోసే పంపు కారితే తడిసేది నడుము, గజ్జలే. నడుమెత్తు పత్తిలో నడిస్తే తడిసేదీ తొడలే.

ఇది ఊరికే భయపెట్టే మాట కాదు. మన ఆదిలాబాద్‌కు ఆనుకుని ఉన్న మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలో 2017లో పత్తి చేలకు మందు కొడుతూ విషం సోకి 20 మందికి పైగా చనిపోయారు. చర్మం ద్వారానే కాదు, పీల్చే గాలి ద్వారా కూడా మందు ఒంట్లోకి పోతుంది.

మందు కొట్టేటప్పుడు

* పంపులో ముందుగా మంచినీళ్లు పోసి కారుతుందేమో చూసుకోండి. కారే పంపు వీపుకెత్తుకోవద్దు.
* నిండు చేతుల చొక్కా, ప్యాంటు వేసుకోండి. తలకు, ముక్కుకు గుడ్డ కట్టుకోండి. నడుము నుంచి మోకాళ్ల దాకా పాలిథిన్ షీటు చుట్టుకోండి.
* మందు కలిపేటప్పుడు రబ్బరు తొడుగులు తప్పనిసరి. డబ్బాలో ఉండేది నీళ్లు కలపని చిక్కటి మందు, ప్రమాదం దానితోనే ఎక్కువ. చేత్తో కలపొద్దు, కర్రతో కలపండి.
* ఒంటి మీద పుండు, కోత ఉంటే ఆ రోజు మందు పని పెట్టుకోవద్దు.
* గాలికి ఎదురుగా కొట్టొద్దు. బట్టలు తడిస్తే సాయంత్రం దాకా ఆగకుండా వెంటనే విప్పి, సబ్బుతో ఒళ్లు కడుక్కోండి. గట్టిగా రుద్దొద్దు. ఆ బట్టలు పిల్లల బట్టలతో కలిపి ఉతకొద్దు.
* కంట్లో పడితే 15 నిమిషాల పాటు మంచినీళ్లతో కడగాలి.
* తలనొప్పి, వాంతి, విపరీతమైన చెమట, నోట నీరూరడం, చూపు మసకబారడం కనిపిస్తే పని ఆపి ఆసుపత్రికి వెళ్లండి. మందు డబ్బా మీది లేబులు వెంట తీసుకెళ్లండి. డాక్టరు ముందుగా అడిగేది అదే.

పిల్లలను నీళ్లు తెచ్చివ్వడానికైనా మందు కలిపే చోటికి రానివ్వకండి. వాళ్లు చిన్నవాళ్లు, కొద్దిపాటి మందు కూడా వాళ్ల ఒంటికి ఎక్కువే.

ఆకు పైపొర మీద చిన్న మచ్చ కనబడితే ఆ ఆకు తెంపుకుని దుకాణానికి పరుగెత్తే రైతు, తన చొక్కా మందుతో తడిసినా మడి అయిపోనీ అనుకుంటాడు. ఈసారి ఉల్లిగడ్డ కోసినప్పుడు ఆ పొర తీసి పిల్లల చేతికివ్వండి. మందు కొట్టే రోజున చొక్కా సంగతి వాళ్లే గుర్తు చేస్తారు.