రేవుకు కాపలా కాసే ఇసుక

కాకినాడ ఎదుట సముద్రంలో గోదావరి కట్టిన దీవి ఉంది. గాజువాక వాళ్లు తప్పక చూడాల్సిన చోటు అది.

సెలవొస్తే మనం యారాడకో అప్పికొండకో బయల్దేరతాం. ఈ చలికాలం ఇంకాస్త దూరం, హోప్ ఐలాండ్ దాకా వెళ్లి రండి. రేవు పట్నంలో బతికే మనకు ఆ దీవి చెప్పే సంగతులు చాలా ఉన్నాయి.

విశాఖ రేవుకు డాల్ఫిన్స్ నోస్ కొండ అడ్డుగా నిలిచింది. అదొక్కటే చాలదని, రేవు కట్టే రోజుల్లో రెండు పాత ఓడలను ముంచి అలలకు అడ్డుకట్ట వేశారు. 1933లో తొలి ఓడ లోపలికి వచ్చింది. కాకినాడకు కొండ లేదు. ఆ పని గోదావరి చేసిపెట్టింది. గౌతమి పాయ మోసుకొచ్చిన ఇసుకను అలలు ఉత్తరానికి తోస్తూ, సుమారు 200 ఏళ్లలో 16 కిలోమీటర్ల తిన్నెగా పేర్చాయి. దాని చాటున సముద్రం చెరువులా నిమ్మళిస్తుంది కాబట్టే అక్కడ ఓడలు నిశ్చింతగా లంగరు వేస్తాయి.

మడ అడవిలో

దీవి కోరంగి అభయారణ్యంలో భాగం. 1978లో ఏర్పడిన ఈ అభయారణ్యం విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. ఒకప్పుడు ఓడలతో కళకళలాడిన కోరంగి రేవు 1839 నాటి ఉప్పెన తర్వాత మళ్లీ కోలుకోలేదు. ఇప్పుడు అక్కడ చెక్కవంతెన మీద నడుస్తూ మడ అడవి చూడవచ్చు.

సముద్రం వెనక్కి తగ్గే పాటు సమయంలో వెళ్లండి. బురదలోంచి వేలెడు పొడవున నిటారుగా లేచిన ఊపిరి వేర్లు కనిపిస్తాయి. బురదలో గాలి ఆడదు, అందుకే చెట్టు వేళ్లను పైకి పంపి ఊపిరి పీలుస్తుంది. మడ ఆకును వేలితో రుద్దితే ఉప్పు తగులుతుంది. తిల్ల చెట్టును మాత్రం తాకకండి, దాని పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు. బావురుపిల్లి, నీటికుక్కలు ఈ పాయల్లోనే వేటాడతాయి. రొయ్య పిల్లలు, పీత పిల్లలు ఈ వేళ్ల మధ్యే పెరుగుతాయి.

తాబేళ్ల తీరం

జనవరి నుంచి మార్చి వరకు ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రిపూట దీవి ఒడ్డుకొస్తాయి. వెనక కాళ్లతో గుంట తవ్వి, వంద దాకా గుడ్లు పెట్టి, పూడ్చి వెళతాయి. ట్రాలర్ వలలో చిక్కితే పైకొచ్చి గాలి పీల్చలేక చచ్చిపోతాయి.

వెళ్లేవారికి

దువ్వాడలో రైలెక్కి సామర్లకోట మీదుగా కాకినాడ చేరవచ్చు. యానాం రోడ్డులో కోరంగి వస్తుంది. దీవికి పడవ కావాలి, అటవీశాఖ అనుమతి ముందే కనుక్కోండి. నవంబరు నుంచి ఫిబ్రవరి అనువైన కాలం. తాగునీళ్లు, తిండి వెంట తీసుకెళ్లండి. ఒక్క ప్లాస్టిక్ ముక్క కూడా వదిలి రాకండి.

మనకూ ఉంది మడ

ఈ దీవిని కట్టిన గోదావరి మీద ఆనకట్టలు ఒండ్రును ఆపేస్తున్నాయి. సముద్రానికి చేరే మట్టి తగ్గింది. తీరానికి ఇసుక ఎంత అవసరమో, కాకినాడ దగ్గర ఏటేటా కోతకు గురయ్యే ఉప్పాడను చూస్తే తెలుస్తుంది.

ఇక మన విశాఖ సంగతి. మన రేవూ ఉప్పుటేటి చిత్తడిలో తవ్వినదే. మేఘాద్రిగెడ్డ సముద్రంలో కలిసే వైపు మడ చెట్లు ఇంకా కొన్ని మిగిలాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానును కళ్లారా చూసిన ఊరు మనది. అలాంటి తుపాను అలల జోరును మడ తగ్గిస్తుంది. ఆ చెట్లున్న నేలను చెత్త పోసే చోటుగా చూడడం ఇక మానాలి. రేవు గోడకు మరమ్మతు చేయించినట్టే మడనూ నాటించాలి, కాపాడాలి. అదీ రేవు ఖర్చులో భాగమే.