కొత్త టైరు కొనేముందు చక్రాల కొలత చూడండి

తాండూరు: తాండూరు నాపరాతి గనుల బాటలు, వికారాబాద్ చెంత అనంతగిరి ఘాట్ మలుపులు పాత జీపులకు పెద్ద పరీక్షే. గుంతల్లో పడి లేచేకొద్దీ ముందు చక్రాల వరుస తప్పుతుంది. స్టీరింగు నిలకడగా ఉండదు. టైరు ఒక అంచునే అరిగిపోతుంది. ఘాట్ దిగేటప్పుడు ఈ లోపం ప్రాణం మీదకు తెస్తుంది.

వరుస తప్పిందీ లేనిదీ సుద్దముక్క, టేపుతో ఇంటి వద్దనే తెలుసుకోవచ్చు. ముందుగా రెండు టైర్లలో గాలి సమానంగా ఉండాలి. చక్రాల బేరింగులు, టైరాడ్డు చివర్లు వదులై ఉంటే బాగుచేయించాలి. లేకుంటే ఎన్నిసార్లు సరిచేసినా కొలత నిలవదు.

బండిని చదునైన నేలపై, చక్రాలు తిన్నగా ఉండేలా నిలపాలి. ముందు టైర్ల ఎదుటి వైపున, ఇరుసు ఎత్తులో, నడిమధ్యన గుర్తులు పెట్టి వాటి మధ్య దూరం కొలవాలి. ఆ గుర్తులు వెనుకకు వచ్చేలా బండిని ముందుకు తోసి, అదే ఎత్తులో మళ్లీ కొలవాలి. సాధారణంగా ఎదుటి కొలత వెనుక కొలత కంటే కొద్ది మిల్లీమీటర్లు తక్కువ ఉండాలి. ఎంతన్నది ఆ బండి పుస్తకంలో ఉంటుంది. తేడా వస్తే టైరాడ్డు నట్లు సడలించి, రాడ్డు తిప్పి సరిచేయడం మెకానిక్కుకు కొద్దిసేపటి పని.

వరుస తప్పిన బండికి కొత్త టైర్లు వేసినా వాటికీ అదే గతి!